అదోనిరాం జడ్సన్: బందరు రేవులో దక్కిన ప్రాణం

సముద్రం దాటి పొట్టకూటికి పోయినవారి కథలు తెలుగువారికి కొత్తవి కావు. కోరంగి రేవులో ఓడ ఎక్కి రంగూను చేరినవారు, అక్కడి బియ్యపు మిల్లులలోను, రేవులలోను పనిచేసి ఇంటికి డబ్బు పంపినవారు మన పూర్వులలో వేలకు వేలు. బర్మా దేశంలో మనవారిని కోరంగీలు అనే పేరుతోనే గుర్తించేవారు. 1942లో యుద్ధం మీదికి వచ్చినప్పుడు అడవుల వెంట, కొండల వెంట కాలినడకన తిరిగి వచ్చిన కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. ఆ నడకలో జబ్బుపడి దారిలోనే కన్నుమూసినవారిని తలచుకొనే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. ఊరు విడిచిన మనిషికి ఆకలి ఒక కష్టమైతే, నడిదారిలో జబ్బుపడడం అంతకు మించిన కష్టం. తనవారు దగ్గర ఉండరు. తన భాష ఎదుటివారికి తెలియదు. గుక్కెడు గంజి ఎవరు పోస్తారో తెలియదు.

ఆ కష్టాన్ని అదే బంగాళాఖాతం మీద ఇంచుమించు జీవితమంతా అనుభవించిన ఒక మనిషి చరిత్ర ఇక్కడ చెప్పదలచాము. ఆయన పేరు అదోనిరాం జడ్సన్. అమెరికా దేశస్థుడు, క్రైస్తవ మిషనరీ. బర్మా భాషలోకి బైబిలును సంపూర్ణంగా అనువదించినవాడుగా, ఆ భాషకు నిఘంటువు కూర్చినవాడుగా ఆయన లోకప్రసిద్ధుడు. ఆయన మతాన్ని అంగీకరించనివారు కూడా ఆయన భాషాపాండిత్యాన్ని కాదనలేరు. అయితే ఆ గ్రంథాలేవీ పూర్తికాకముందే, 29వ ఏట, ఆయన మన బందరు రేవులో చనిపోవలసినవాడు. అట్లా జరగకపోవడానికి కారణం చరిత్రలో పేరులేని కొందరు మనుషులు. అందుచేత ఈ వ్యాసంలో ఆయన గ్రంథాలకంటె ఆయన ప్రయాణాలను గురించి, ఆ ప్రయాణాలలో ఆయననూ ఆయన ఇంటివారినీ పట్టిన రోగాలను గురించి, అప్పుడు చేయి అందించినవారిని గురించి ఎక్కువగా చెప్పవలసి వస్తున్నది.

సేలం నుండి రంగూనుకు

జడ్సన్ 1788 ఆగస్టు 9న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మాల్డెన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చి బోధకుడు. కుమారుడు చిన్ననాటి నుండి చదువులో దిట్ట. 1807లో ప్రావిడెన్స్‌లోని కళాశాలలో తన తరగతిలో ప్రథముడుగా ఉత్తీర్ణుడైనాడు. తరువాత ఆండోవర్‌లో మతశాస్త్రం చదివి, తూర్పు దేశాలకు పోయి బోధించాలనే నిశ్చయానికి వచ్చాడు. 1812 ఫిబ్రవరి 5న ఆన్ హాసెల్టైన్ అనే యువతిని వివాహమాడి, పెళ్ళయిన రెండు వారాలకే, ఫిబ్రవరి 19న, ఆమెతో కలసి సేలం రేవులో కారవాన్ అనే ఓడ ఎక్కాడు. నాలుగు నెలలు ప్రయాణం చేసి జూన్ 17న ఆ ఓడ కలకత్తా చేరింది.

ఈస్టిండియా కంపెనీవారు ఆ రోజులలో మిషనరీల రాకను ఇష్టపడలేదు. జడ్సన్ దంపతులను దేశం విడిచి పొమ్మన్నారు. వారు మారిషస్ దీవికి పోయారు. వారితో అమెరికా నుండి కలసి వచ్చిన న్యూవెల్ దంపతులు ముందుగానే ఆ దీవికి బయలుదేరారు. ఆ ప్రయాణంలో హారియెట్ న్యూవెల్ ఒక బిడ్డను కని, ఆ బిడ్డను పోగొట్టుకొని, దీవి చేరిన తరువాత 1812 నవంబరు 30న తానూ మరణించింది. ఆమె వయస్సు 19 ఏళ్ళు. జడ్సన్ దంపతులు దీవిలో కాలుపెట్టగానే విన్న వార్త అదే. తాము ఎన్నుకొన్న దారి ఎటువంటిదో వారికి మొదటి ఏడాదిలోనే తెలిసిపోయింది.

మారిషస్ నుండి 1813 జూన్‌లో వారు మద్రాసు వచ్చారు. అక్కడ ఎక్కువకాలం ఉంటే కంపెనీవారు పట్టుకొని ఇంగ్లండుకు పంపివేస్తారు. అప్పుడు రేవులో సిద్ధంగా ఉన్న ఓడ జార్జియానా ఒక్కటే. అది రంగూనుకు పోయే పాత ఓడ. ఆన్ అప్పటికి నిండు గర్భిణి. ఆమెకు తోడుగా కుదుర్చుకొన్న ఒక ఐరోపా స్త్రీ ఓడ ఎక్కిన కొద్దిసేపటికే కుప్పకూలి మరణించింది. నడిసముద్రంలో ఆన్‌కు నొప్పులు వచ్చాయి. వైద్యుడు లేడు, మంత్రసాని లేదు. భర్త ఒక్కడే దగ్గర ఉన్నాడు. బిడ్డ మృతశిశువుగా పుట్టింది. గాలికి ఓడ అండమాన్ దీవుల వైపు కొట్టుకుపోయింది. 1813 జూలై 13న రంగూను చేరేసరికి ఆమెకు నడిచే శక్తి లేదు. ఒడ్డున ఉన్న బర్మావారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొని పోయారు. భాష తెలియని దేశంలో ఆ దంపతులకు అందిన మొదటి ఉపకారం అది.

బందరు రేవు

రంగూనులో నాలుగేళ్ళు గడిచాయి. జడ్సన్ రోజంతా తాటాకు గ్రంథాలు ముందు పెట్టుకొని బర్మా భాష నేర్చాడు. కండ్లు నొప్పులు పట్టి, తలపోటుతో కొన్ని నెలలు చదవలేకపోయాడు. 1815లో పుట్టిన కుమారుడు 8 నెలలు నిండకముందే జ్వరంతో పోయాడు. అయినా మత్తయి సువార్త అనువాదం పూర్తి అయింది. బర్మా భాష మాట్లాడే క్రైస్తవుడెవరైనా తోడు ఉంటే బోధనకు వీలుగా ఉంటుందని, అటువంటివారు చిట్టగాంగు ప్రాంతంలో ఉన్నారని విని, 1817 డిసెంబరు 25న ఆయన ఒక ఓడ ఎక్కాడు. చిట్టగాంగు దగ్గరి రేవు. సముద్రపు గాలికి ఆరోగ్యమూ కుదుటపడుతుంది, మూడు నెలలలో తిరిగి రావచ్చు అని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పింది. ఎదురుగాలులకు ఓడ చిట్టగాంగు పోలేకపోయింది. నెల గడిచిన తరువాత నాయకుడు దారి మార్చి మద్రాసు వైపు తిప్పాడు. అక్కడికీ చేరలేక ఓడ సముద్రంలో అటూ ఇటూ తిరిగింది. నీళ్ళు తరిగాయి. తిండి అయిపోయింది. దారిలో కనబడిన దేశీయ పడవలను అడిగి బూజుపట్టిన నూకబియ్యం తెచ్చుకొని తిన్నారు. జడ్సన్‌కు విడవని జ్వరం పట్టింది. ఇరుకైన గదిలో, మురికిలో, దాహంతో, స్నానం లేక, మంచం మీద నుండి లేవలేని స్థితికి వచ్చాడు. రంగూను విడిచిన 12 వారాలకు, 1818 మార్చిలో, ఆ ఓడ ఎట్లాగో మచిలీపట్నం రేవు ముందు లంగరు వేసింది.

ఓడలోని వారు ఆయన దగ్గరికి వచ్చి రేవు చేరామని చెప్పారు. ఆయన ఒక పెన్సిలు పట్టుకొని, ఊళ్ళో ఉండే ఇంగ్లీషువారెవరికైనా అందునట్లు ఒక చీటీ వ్రాశాడు. అందులో ఆయన కోరిన కోరిక ఒక్కటే. ఒడ్డున చనిపోవడానికి కాస్త చోటు ఇమ్మని. వైద్యుని పంపమని కూడా ఆయన అడగలేదు. కొంతసేపటికి ఒడ్డు నుండి పడవ వస్తున్నదని ఒకరు చెప్పారు. ఆయన ప్రాకుతూ కిటికీ దగ్గరికి పోయి చూశాడు. పడవలో ఒక సైనికోద్యోగి ఎర్రని దుస్తులు, మరొక దొర తెల్లని చొక్కా కనబడ్డాయి. ఆ క్షణంలో వారు తనకు దేవదూతలవలె కనబడ్డారని ఆయన ఎన్నో ఏళ్ళ తరువాత కూడా ఇంట్లో చెప్పుకొనేవాడు. మాసిన బట్టలతో, పెరిగిన గడ్డంతో, నిలబడలేక ఉన్న ఆ మనిషిని చూసి వచ్చినవారికీ కంటనీరు ఆగలేదు.

ఆ సైనికోద్యోగి ఆయనను తన సొంత ఇంటికి తీసుకుపోయాడు. తన బట్టలు తీసి తొడిగించాడు. దగ్గర ఉండి సేవ చేయించాడు. రోగి ఎవరు, ఏ చర్చికి చెందినవాడు, కంపెనీవారికి ఇష్టుడా అయిష్టుడా అని విచారించి తరువాత ఆదరించే పద్ధతి కాదది. కంపెనీవారు 5 ఏళ్ళ క్రితం వెళ్ళగొట్టిన మిషనరీని కంపెనీ సైనికుడే బ్రతికించాడు.

ఒడ్డున చనిపోవడానికి చోటు అడిగినవాడు కొన్ని రోజులకే ప్రయాణానికి లేచాడు. బందరులో రంగూనుకు ఓడ దొరకదు. మద్రాసు పోవాలి. 300 మైళ్ళ దారి. ఆయన ఒక పల్లకి, బోయీలను కుదుర్చుకొన్నాడు. బందరు నుండి మద్రాసుకు పోయే తీరమార్గం కృష్ణనూ, పెన్ననూ దాటాలి. ఎండలు ముదురుతున్న రోజులు. బోయీలు మార్చి మార్చి భుజం వేసి, ఇసుక దారులలో, రేవుల వెంట ఆయనను మోసుకొని పోయారు. ఏప్రిల్ 8న ఆయన మద్రాసు చేరాడు. ఆ బోయీల పేర్లు ఎవరూ వ్రాసి పెట్టలేదు. జడ్సన్ చరిత్రలో తెలుగువారి భుజం పడిన ఘట్టం ఇదే.

రంగూనులో ఆన్

మద్రాసులో రంగూను పోయే ఓడ జూలై 20 దాకా దొరకలేదు. ఈ లోపల రంగూనులో ఆన్ పడిన బాధ మరొక విధమైనది. చిట్టగాంగు నుండి వచ్చిన పడవవారు, ఆ ఓడ అక్కడికి రానేలేదనీ, ఆయన జాడ ఎవరికీ తెలియదనీ చెప్పారు. ఊళ్ళో కలరా వ్యాపించింది. ఉదయం నుండి రాత్రి వరకు చావు డప్పులు వినబడుతున్నాయి. ఇంగ్లీషువారికీ బర్మావారికీ యుద్ధం రాబోతున్నదనే పుకారు పుట్టి, రేవులోని ఓడలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. తోటి మిషనరీ హఫ్ కుటుంబం కలకత్తా పోదామని బలవంతం చేయగా, ఆమె జూలై మొదటివారంలో వారితో ఓడ ఎక్కింది. కాని నది దిగుతుండగా ఆ ఓడ ప్రయాణానికి పనికిరాదని ఆగిపోయింది. ఆమె సామాను దించుకొని ఒంటరిగా ఇంటికి తిరిగి వచ్చింది. భర్త బ్రతికి ఉంటే ఈ ఇంటికే వస్తాడు, వచ్చేసరికి తాను ఉండాలి అన్నది ఆమె పట్టుదల. కొద్దిరోజులకు జడ్సన్ మొదట ఎక్కిన ఓడే రంగూను తిరిగి వచ్చి, ఆయన బందరులో దిగాడనే కబురు తెచ్చింది. ఆగస్టు మొదటివారంలో ఆయన వచ్చాడు. మూడు నెలలని చెప్పి పోయినవాడు ఏడు నెలలు దాటి ఇల్లు చేరాడు. ఏ పని మీద పోయాడో అది నెరవేరలేదు. చిట్టగాంగును ఆయన చూడనైనా లేదు.

సముద్రమే మందు

ఆ రోజులలో జ్వరాలకు కారణం చెడుగాలి అని వైద్యులు నమ్మేవారు. అందుచేత తూర్పు దేశాలలో రోగం ముదిరితే సముద్రప్రయాణం చేయమనడమే వారికి తెలిసిన గొప్ప వైద్యం. సింకోనా బెరడు నుండి క్వినైన్‌ను పారిసులో వేరుచేసినది 1820లో. మలేరియా దోమలలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టినది 1897లో, మన సికిందరాబాదులో. జడ్సన్ తరం వారికి ఇవేవీ తెలియవు. దోమలున్న ఊరు విడిచి సముద్రం మీదికి పోతే కొందరికి జ్వరం తగ్గేది. క్షయకూ, జిగట విరేచనాలకూ మాత్రం సముద్రం మందు కాలేదు. మందుకోసం ఓడ ఎక్కినవారిలో చాలామంది ఓడలోనే పోయారు. 1819లో రంగూను నుండి కలకత్తాకు వైద్యానికి పోతున్న వీలాక్ అనే యువ మిషనరీ జ్వరపు మైకంలో సముద్రంలో పడి మునిగిపోయాడు.

ఆన్‌కు కాలేయవ్యాధి ముదరగా 1820లో జడ్సన్ ఆమెను కలకత్తా, శ్రీరాంపురం తీసుకుపోయి 1821 జనవరిలో తిరిగి తెచ్చాడు. జబ్బు తిరగబెట్టింది. అదే ఏడు ఆగస్టులో ఆమె ఒంటరిగా బయలుదేరి ఇంగ్లండు మీదుగా అమెరికా పోయింది. జబ్బుతో ఉండి కూడా అక్కడ బర్మా మిషన్ చరిత్రను పుస్తకంగా వ్రాసింది. 1823 డిసెంబరులో తిరిగి వచ్చింది. ఆ రెండేళ్ళలో జడ్సన్ కొత్త నిబంధన అనువాదం ముగించాడు.

సంకెళ్ళతో నడక

1824లో ఇంగ్లీషువారికీ బర్మా రాజుకూ యుద్ధం మొదలైంది. మద్రాసు సైన్యపు పటాలాలు కూడా ఆ యుద్ధానికి పోయాయి. రాజధాని ఆవాలో ఉన్న జడ్సన్‌ను గూఢచారి అనే అనుమానంతో జూన్ 8న పట్టుకొని కారాగారంలో వేశారు. కాళ్ళకు సంకెళ్ళు, గాలి చొరని గది, నూరు మందికి ఒకే చోటు. ఆయన వ్రాతప్రతిని ఆన్ ఒక దిండులో కుట్టి లోపలికి పంపింది. ఆయన దాని మీద తల పెట్టుకొని పడుకొనేవాడు. 1825 జనవరిలో ఆమె ఒక ఆడబిడ్డను కన్నది.

అదే ఏడు మే నెల ఎండలో, జ్వరం తగ్గని జడ్సన్‌ను తోటి ఖైదీలతో పాటు వట్టికాళ్ళతో అమరపురం వైపు నడిపించారు. కాలే ఇసుకకు పాదాల చర్మం ఊడిపోయింది. ఒక ఖైదీ దారిలో పడిపోయి చనిపోయాడు. జడ్సన్ కూడా పడిపోయే స్థితిలో ఉండగా, గూజర్ అనే తోటి ఖైదీ వద్ద పనిచేసే ఒక బెంగాలీ సేవకుడు తన తలపాగా చించి సగం యజమానికి, సగం ఈయనకు పాదాలకు కట్టి, తన భుజం ఆనిచ్చి నడిపించాడు. బందరు బోయీల భుజం తరువాత ఆయనను నిలిపిన రెండవ భుజం అది.

ఖైదీలను ఔంగ్‌బిన్లె అనే పల్లెలో పెట్టారు. ఆన్ బిడ్డతో అక్కడికి వచ్చి మంచాన పడింది. బిడ్డకు పాలు లేవు. జడ్సన్ కావలివారిని బతిమాలి, కాళ్ళకు సంకెళ్ళతోనే బిడ్డను ఎత్తుకొని, పసిపిల్లలున్న ఇళ్ళ ముందు నిలబడి పాలు అడిగేవాడు. ఆ పల్లె తల్లులు శత్రుదేశపు గూఢచారిగా పేరుపడినవాని బిడ్డకు పాలిచ్చారు.

1825 నవంబరులో ఆయనను విడిచి, సంధి మాటలకు దుబాసీగా వాడుకొన్నారు. 1826 ఫిబ్రవరి 24న యాందబో సంధి జరిగింది. కుటుంబం ఆంహర్స్ట్ అనే కొత్త పట్నానికి మారింది. ఇంగ్లీషు రాయబారికి సహాయంగా మళ్ళీ ఆవా రావలసిందని జడ్సన్‌ను అడిగారు. మతస్వేచ్ఛకు ఒడంబడికలో చోటు దొరుకుతుందనే ఆశతో ఆయన పోయాడు. ఆ చోటు దొరకలేదు. ఆయన దూరాన ఉండగా 1826 అక్టోబరు 24న ఆన్ జ్వరంతో మరణించింది. ఆమెకు 36 ఏళ్ళు. నల్లముద్ర వేసిన ఉత్తరం ద్వారా ఆయనకు ఆ సంగతి తెలిసింది. 1827 ఏప్రిల్‌లో బిడ్డ కూడా పోయింది. తాను లేని ఇంట్లో ఆమె ఒంటరిగా పోయిందన్న బాధ ఆయనను ఏళ్ళ తరబడి దహించింది. అడవి అంచున గుడిసె వేసుకొని, ఒక గోయి తవ్వుకొని, దాని పక్కన కూర్చొని కాలం గడిపిన రోజులున్నాయి. పనికోసం చేసిన ప్రయాణాలకు ఇంటివారు ఎంత మూల్యం చెల్లించారో ఆయనకు బాగా తెలుసు. ఆ చరిత్రను చదివేవారు కూడా దానిని మరువరాదు.

తెలుగుదేశానికి వచ్చిన ఒక పాయ

ఇక్కడ మనకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. వీలాక్‌తో కలసి వచ్చిన జేమ్స్ కోల్మన్ అనే మిషనరీ జడ్సన్‌కు సహచరుడు. 1822లో చిట్టగాంగు సీమలో, కాక్స్‌బజారులో, అడవిజ్వరంతో చనిపోయాడు. ఆయన భార్య ఎలిజబెత్ తరువాత ఒరిస్సాలో పనిచేస్తున్న ఏమోస్ సట్టన్ అనే ఇంగ్లీషు మిషనరీని వివాహమాడింది. ఆ సట్టన్ అమెరికా పోయినప్పుడు, ఒరిస్సాకు దక్షిణాన ఉన్న తెలుగువారికి మిషనరీలను పంపవలసిందని 1835లో అక్కడి బాప్టిస్టులను కోరాడు. వారు పంపిన శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం వచ్చి, శ్రీకాకుళంలోను మద్రాసులోను కొంతకాలం ఉండి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆయనా జబ్బుపడి 1846లో స్వదేశం చేరాడు. కొంత కోలుకొని, లైమన్ జ్యువెట్‌ను వెంటబెట్టుకొని 1849లో తిరిగి నెల్లూరు వచ్చాడు. నెల్లూరులో నేటికీ ఉన్న ఆ బాప్టిస్టు సంస్థల వెనుక, అడవిజ్వరానికి భర్తను పోగొట్టుకొన్న ఒక స్త్రీ జీవితం ఉన్నది.

సెయింట్ హెలీనా

1834 జనవరి 31న బర్మా బైబిలు అనువాదం ముగిసింది. ఆ ఏడాదే జడ్సన్ సారా బోర్డ్‌మన్ అనే వితంతువును వివాహమాడాడు. ఆమె మొదటి భర్త క్షయరోగంతో ఉండి కూడా మంచం మీద మోయించుకొని కరెన్ పల్లెలకు పోయి, 1831లో తిరుగుదారిలో ప్రాణం విడిచినవాడు. సారా కూడా బర్మా భాషలో గొప్ప రచయిత్రి.

1839లో జడ్సన్‌కు గొంతు, ఊపిరితిత్తులు చెడిపోయి మాట రాక కలకత్తాకు ఓడ ప్రయాణం చేశాడు. 1841లో భార్యాపిల్లలందరూ జబ్బుపడగా మౌల్మీన్ నుండి అందరినీ తీసుకొని బయలుదేరాడు. శ్రీరాంపురంలో చిన్నకొడుకు హెన్రీ చనిపోయాడు. మిగిలినవారితో మారిషస్ మీదుగా తిరిగి ఇల్లు చేరాడు. 1845లో సారాకు జబ్బు ముదిరింది. ఆ ఏప్రిల్ 26న, చిన్నబిడ్డలు ముగ్గురిని మౌల్మీన్‌లో విడిచి, పెద్దపిల్లలు ముగ్గురితో అమెరికా ప్రయాణమైనారు. నిఘంటువు పని ఆగకుండా ఇద్దరు బర్మా సహాయకులు కూడా ఓడ ఎక్కారు. మారిషస్‌లో ఆమె కోలుకొన్నట్లు కనబడింది. ఆమె అమెరికాకు, ఆయన వెనక్కు బర్మాకు అని నిశ్చయించుకొని సహాయకులను ముందు పంపివేశారు. అంతలోనే ఆమెకు మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. ఆయన ఆమెతోనే సాగిపోయాడు. 1845 సెప్టెంబరు 1న సెయింట్ హెలీనా రేవులో ఆమె కన్నుమూసింది. ఆ దీవిలోని వారు అప్పటివరకు ముఖమెరుగని ఆ కుటుంబాన్ని తమవారిలా ఆదరించి, సమాధి సిద్ధం చేశారు. అదే సాయంత్రం ఓడ కదిలింది. మౌల్మీన్‌లో విడిచి వచ్చిన బిడ్డలలో ఒకడు తల్లికంటె ముందే, ఆగస్టులో, చనిపోయిన సంగతి ఆయనకు తరువాత గాని తెలియలేదు.

33 ఏళ్ళ తరువాత, అక్టోబరు 15న, ఆయన స్వదేశంలో కాలు పెట్టాడు. గొంతు లేదు. సభలలో ఆయన మెల్లగా గొణిగిన మాటలను పక్కన ఉన్నవారు గట్టిగా వినిపించవలసి వచ్చేది. వైద్యులు మాట్లాడవద్దన్నారు. అరకాన్‌లోని మిషన్‌ను మూసివేద్దామనే తీర్మానం న్యూయార్కు సభలో వచ్చినప్పుడు మాత్రం ఆయన వైద్యుల ఆజ్ఞ మీరి లేచి ఎదిరించాడు. 1846 జూన్‌లో ఎమిలీ చబ్బక్ అనే రచయిత్రిని వివాహమాడి, నవంబరు 30న మౌల్మీన్ చేరాడు.

చివరి ప్రయాణం

ఇంగ్లీషు-బర్మా నిఘంటువు 1849లో ముగిసింది. ఆ ఏడు సెప్టెంబరులో ఒక రాత్రి జలుబు చేసి, జ్వరంగా మారి, మరి వదలలేదు. మళ్ళీ సముద్రమే మందు అన్నారు. 1850 ఏప్రిల్ 3న బూర్బన్ దీవికి పోయే అరిస్టీడ్ మరీ అనే ఫ్రెంచి ఓడలోకి ఆయనను మోసుకుపోయి పడుకోబెట్టారు. ఎమిలీ నెలలు నిండిన గర్భిణి కావడం చేత వెంట పోలేదు. ముద్రణాలయంలో పనిచేసే థామస్ రాన్నీ, ఒక సేవకుడు తోడు వెళ్ళారు. నది దాటడంలోనే కొన్ని రోజులు వృథా అయినాయి. సముద్రపుగాలి తగలకుండానే నొప్పి పెరిగిపోయింది. ఏప్రిల్ 12 మధ్యాహ్నం 4 గంటల తరువాత ఆయన మరణించాడు. ఇంటిలో ఉన్న ఆమెను చూసుకోమని సేవకునికి చెప్పడం ఆయన చివరి మాటలలో ఒకటి. ఓడ వడ్రంగి పెట్టె చేశాడు. మునగడానికి అందులో ఇసుక పోశారు. అదే రాత్రి, అండమాన్ దీవులకు సమీపాన, బంగాళాఖాతంలో ఆయనను విడిచారు. 37 ఏళ్ళ క్రితం ఆన్ తొలిచూలు బిడ్డను పోగొట్టుకొన్న సముద్రమూ అదే.

పది రోజులకు మౌల్మీన్‌లో ఎమిలీకి మృతశిశువు పుట్టింది. భర్త లేడనే వార్త ఆమెకు దాదాపు నాలుగు నెలల తరువాత కలకత్తా నుండి అందింది. అప్పటిదాకా ఆమె ఆయన కోలుకొంటున్నాడనే ఆశతోనే ఉన్నది.

1818 మార్చిలో బందరు రేవులో ఆ చీటీని చదివినవారు పక్కన పడవేసి ఉంటే జడ్సన్ కథ అక్కడితో ముగిసేది. ఆ తరువాత ఆయన 32 ఏళ్ళు బ్రతికాడు. బర్మావారు నేటికీ చదువుకొనే బైబిలు అనువాదం, విద్యార్థులు వాడుకొన్న నిఘంటువు ఆ 32 ఏళ్ళలో పూర్తి అయినవే. సైనికోద్యోగి ఇల్లు, బోయీల భుజాలు, బెంగాలీ సేవకుని తలపాగా, ఔంగ్‌బిన్లె తల్లుల పాలు లేకపోతే ఆ గ్రంథాలు లేవు. సముద్రం అందరినీ కాపాడలేదు. ఆన్‌ను, సారాను, పసిబిడ్డలను, చివరకు ఆయననూ కాపాడలేదు. కాపాడిన ప్రతిసారీ కాపాడినది మనుషులే. వారిలో ఆయన భాషవారు తక్కువ, ఆయన మతంవారు ఇంకా తక్కువ.

ఊరుగాని ఊళ్ళో సంఘం పెట్టుకొని ఉగాది జరుపుకొనే మనకు ఈ చరిత్ర దూరపుది కాదు. మన పేటకు కొత్తగా వచ్చినవాడు జ్వరంతో అద్దెగదిలో పడి ఉన్నాడని తెలిసినప్పుడు, వాడు ఏ జిల్లా వాడు, ఎవరి తాలూకు అని అడగడానికి ముందు తలుపు తట్టి పలకరించగలిగితే, బందరులో ఆ పడవ వేసుకొని వెళ్ళినవారి వరుసలో మనమూ ఉన్నట్లే.